మూడో అచ్చులో చేతి ముద్ర

కాస్త దగ్గరికి జరగండి. గొంతు చించుకుని చెప్పే ఓపిక నాకు లేదు, గట్టిగా చెప్పే కథా కాదు ఇది. చెవి ఇటు పెడితే చాలు. గంటల లెక్క మాత్రం జాగ్రత్తగా పట్టుకోండి. ఇందులో నోరున్న సాక్షులు తక్కువ, గడియారమే ఎక్కువ మాట్లాడుతుంది.

ఆ రోజు పొద్దున్న నేను మా సబ్బు ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి వంట మేస్త్రీకి ఇక ఎనిమిది గంటల గడువు ఉంది. వంట మేస్త్రీ అంటే అన్నం వండేవాడు కాదు, సబ్బు వండేవాడు. హత్య చేశాడని ఆయన్ని పట్టుకెళ్ళి రెండు రోజులైంది. సాయంత్రం ఐదింటికి కాగితాలు కోర్టుకు, మనిషి పెద్ద జైలుకు. ఆ తరవాత బయటికి తేవడం ఎవరి తరమూ కాదు. ఆయన భార్య పాకింగులో నా పక్క బల్ల మనిషి. ఇరవై ఏళ్ళుగా సబ్బుకు కాగితం చుడుతోంది. ఆ రెండు రోజులూ పని మానలేదు. "ఇంట్లో ఉంటే గోడలు మీద పడుతున్నాయక్కా. ఇక్కడైతే చేతులకైనా పని ఉంటుంది" అనేది.

చచ్చిపోయినవాడు ఒక రచయిత. మా యజమాని జీవితం పుస్తకంగా రాస్తున్నాడు.

యజమానిని ఊరంతా సబ్బులాయన అనేవాళ్ళు. సైకిలు వెనక పెట్టె కట్టుకుని వీధి వీధీ తిరిగి సబ్బులు అమ్మిన మనిషి. తరవాత షెడ్డు పెట్టాడు, షెడ్డు ఫ్యాక్టరీ అయింది. పోటీ ఫ్యాక్టరీని కొని మూసేశాడు. యూనియను పెట్టినవాళ్ళను గేటు బయట పెట్టాడు. మా వెనక వీధి బావుల్లో నురగ తేలిందంటే, నురగ వస్తే సబ్బు ఖర్చు తగ్గింది కదా అని మీటింగులో నవ్వించాడు. అదే మనిషి పిల్లల బడికి పైకప్పు వేయించాడు, ఆస్పత్రికి మంచాలు ఇచ్చాడు. దేవుడనేవాళ్ళు సగం, దొంగ అనేవాళ్ళు సగం. ఆ రెండు సగాలనూ కలిపి ఓట్లుగా మార్చుకోవడం ఆయనకు తెలుసు. అబద్ధం ఎందుకు, మొదటిసారి నిలబడ్డప్పుడు నేనూ ఆయనకే వేశాను. ఇప్పుడు రెండోసారి. గెలిస్తే మంత్రి పదవి ఖాయమంటున్నారు. ఎన్నిక మూడు రోజుల్లో ఉంది. ఆలోగా పుస్తకం బయటికి రావాలి. మొదటి అధ్యాయం పేరే 'నా వంటింట్లో పుట్టిన సబ్బు'.

ఆ సబ్బు ఆయన వంటింట్లో పుట్టలేదు. మేస్త్రీ తండ్రి అద్దె కొట్టంలో వండాడు, ఈయన అమ్మాడు. ఈ సంగతి మా పాత మనుషులందరికీ తెలుసు, అడిగినవాళ్ళు లేరు. రచయిత అడిగాడు. మొన్న మధ్యాహ్నం రెండింటికి, సబ్బు పోసే అచ్చుల గదిలో మేస్త్రీ ఆయనతో గట్టిగా అనడం నలుగురు విన్నారు: "మా నాన్న పేరు రాయండి. రాయకపోతే నేను ఊరుకోను." సాయంత్రం ఐదుంపావుకు రచయిత అదే గదిలో ఇనప మెట్టుకు తల పగిలి కనపడ్డాడు. ఐదున్నరకు ఇన్‌స్పెక్టరు వచ్చి గదికి సీలు వేశాడు. మేస్త్రీ రెండున్నరకే ఫ్యాక్టరీ వదిలి, తల్లిని తీసుకుని కంటాస్పత్రికి వెళ్ళాడు. లోపలికి వెళ్ళింది మూడూ పదికి, బయటికి వచ్చింది ఐదూ నలభైకి. చీటీ మీద ముద్రలున్నాయి. అయితే ఇన్‌స్పెక్టరు ఏమన్నాడంటే, "రెండింటికి పోట్లాట, రెండింపావుకు తోపు, రెండున్నరకు పరారీ" అన్నాడు. డాక్టరేమో పన్నెండుకూ ఐదుకూ మధ్య ఎప్పుడైనా పోయి ఉండవచ్చన్నాడు. అంత పెద్ద సందులో ఏనుగును కూడా దూర్చవచ్చు.

అందుకే నేను ముందు రోజే మా ఆడపడుచును పిలిచాను.

మా ఆయన చెల్లెలు. కోర్టులో టైపు కొట్టి కొట్టి, వకీళ్ళ అబద్ధాలన్నీ వేళ్ళకు అలవాటై, ఉద్యోగం మానేసి ఆరాలు తీసే పని పెట్టుకుంది. జనం ఆరా అమ్మాయి అంటారు. ఇంట్లో గిన్నె కడగమంటే కడగదు గానీ, ఆ గిన్నెలో నిన్న ఎవరు తిన్నారో చెబుతుంది.

తొమ్మిదింటికి అచ్చుల గది తలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు మాకు అడ్డం నిలబడ్డాడు. రెండేళ్ళ కిందట ఆయన పట్టుకున్న మనిషిని ఈమె విడిపించింది. అసలు దొంగను తెచ్చి ఆయన చేతుల్లోనే పెట్టింది. ఆ మేలును ఆయన ఇంకా క్షమించలేదు.

"మళ్ళీ మీరా? ఈసారి హంతకుణ్ణి చీర కొంగున కట్టుకొచ్చారా?"

"లేదండీ. గంట కట్టుకొచ్చాను. సీలు తీయండి, కోర్టు అనుమతి ఇదిగో. మీరు కూడా లోపలికి రండి. మీరు లేకుండా చూస్తే నేనే ఏదో మార్చానంటారు."

లోపలికి వెళ్ళాం. రెండు వరసల్లో చెక్క అచ్చులు. ఒక్కొక్కటి మంచమంత పెట్టె, మోకాలెత్తు. వండిన సబ్బు వేడివేడిగా అందులో పోస్తాం. గట్టిపడ్డాక తీగతో ముక్కలు కోస్తాం. వరసల మధ్య నడవడానికి ఎత్తుగా చెక్క దారి, దిగడానికి మూడు ఇనప మెట్లు. రచయిత ఆ దారి మీంచి వెనక్కి పడ్డాడు. మూడో అచ్చు పక్కనే.

మా ఆడపడుచు మెట్లు చూడలేదు, నేల చూడలేదు. మూడో అచ్చు ముందు చతికిలబడింది. సబ్బు ఇప్పుడు రాయిలా ఉంది. దాని మీద ఒక అరచెయ్యి దిగి ఉంది. ఐదు వేళ్ళూ, మణికట్టు జారిన గీత.

"ఇది చచ్చిపోయినాయన చెయ్యి. కొలత సరిపోయింది. పడుతూ పట్టు కోసం వేశాడు. దాన్లో వింతేముంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"వదినా, నువ్వు చూడు. నీకేం కనపడుతోంది?"

నేను వంగాను. అరచేతి గీతలు కూడా కనపడుతున్నాయి. జాతకం చెప్పవచ్చు. "ఈ సబ్బు ఎప్పుడు పోశారు?" అని అడిగాను.

"మొన్న పొద్దున్న తొమ్మిదింటికి. రిజిస్టరులో ఉంది" అంది ఆమె.

"అయితే ఇది రెండింటికి పడ్డ ముద్ర కాదు. రెండింటికి సబ్బు ఇంకా తోడుకోని పెరుగులాగే ఉంటుంది. చెయ్యి పెడితే మింగేస్తుంది, తీస్తే మళ్ళీ మూసుకుంటుంది. ఇలా గీత గీతా నిలవాలంటే నాలుగు కావాలి. ఐదున్నర దాటితే వేలు కూడా దిగదు."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "పాకింగు ఆవిడ పెరుగు లెక్కతో కోర్టుకు వెళ్ళమంటారా?"

"వద్దు, మీ చేత్తోనే వెళ్దురు గాని" అంది మా ఆడపడుచు. "అదే పాళ్ళతో ఇప్పుడే సబ్బు పోయిస్తాను. గంట గంటకూ మీరే చెయ్యి పెట్టండి. మీ గడియారమే చూద్దాం. నాలుగింటికి నేను తప్పని తేలితే మేస్త్రీని మీరు తీసుకుపోండి, నేను మళ్ళీ మీ దారికి అడ్డం రాను."

ఆ చివరి మాట ఆయనకు తియ్యగా తగిలింది. ఒప్పుకున్నాడు. రోజువారీ వంటకని రెండో వంటవాడు అప్పటికే సబ్బు సిద్ధంగా ఉంచాడు. తొమ్మిదీ ఇరవైకి ఖాళీగా ఉన్న మొదటి అచ్చు నింపాం. తలుపు పక్కనే ఉంటుంది అది.

ఇన్‌స్పెక్టరు కానిస్టేబులును పిలవడానికి బయటికి వెళ్ళిన ఆ రెండు నిమిషాల్లో మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుని మళ్ళీ మూడో అచ్చు దగ్గరికి లాగింది.

"చేతి ముద్రకు జానెడు దూరంలో, సరిగ్గా నడిమధ్యన, ఈ గుంట ఏమిటి వదినా?"

బొటనవేలు నొక్కిన గుంట. "సబ్బు కోతకు వచ్చిందో లేదో చూడటానికి వేలితో నొక్కుతాం" అన్నాను.

"మీవాళ్ళలో ఎవరు నొక్కారు?"

అప్పుడు నాకు తట్టింది. "మావాళ్ళెవరూ నొక్కరు. మధ్యలో నొక్కితే ఆ ముక్క పాడవుతుంది, జీతంలో కోస్తారు. మేం అంచున నొక్కుతాం. అంచు ఎలాగూ చెక్కి పారేస్తాం. పనికి చేరిన మొదటి రోజే మొట్టికాయ వేసి నేర్పిస్తారు ఇది."

"మరి నడిమధ్యన నొక్కినా ఎవరూ మొట్టికాయ వేయని మనిషి ఎవరు?"

పేరు నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆమె నా మొహం చూసి చాలనుకుంది. తడిగుడ్డ ఒకటి తెచ్చి ఆ గుంట మీద మాత్రం కప్పింది. "చేతి ముద్ర గురించి అందరికీ చెప్పు. ఈ గుంట గురించి మీ ఆయనకు కూడా చెప్పకు. మధ్యాహ్నం పత్రికలవాళ్ళకు కబురు పెట్టు. మేస్త్రీ అమాయకుడని నాలుగింటికి ఫ్యాక్టరీలో తేలుస్తారట అను."

"పత్రికలు వస్తే ఆయనా వస్తాడే."

"ఫొటో ఉన్న చోటికి రాకుండా ఉండగలడా?"

పదింటికి గేటు కాపలాదారును పిలిచింది. పాపం ముసలాయన, టోపీ చేతుల్లో నలుపుకుంటూ నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు కుర్చీలో, ఈమె బల్ల అంచున.

"మొన్న మధ్యాహ్నం నుంచి ఎవరెవరు వచ్చారు తాతా?"

"పన్నెండూ పదికి రచయిత గారు వచ్చారు. రెండున్నరకు మేస్త్రీ బయటికి పోయాడు. అంతేనమ్మా. ఇంక ఈగ కూడా రాలేదు."

ఇన్‌స్పెక్టరు చేతులు చాపాడు, ఇంకేం కావాలన్నట్టు.

ఆమె నా వైపు తిరిగింది. "వదినా, ఆ రోజు నాలుగింటి టీ ఎలా ఉంది?"

"ఆలస్యంగా ఉంది" అన్నాను. "నాలుగింటికి కూత వేయాలి. నాలుగూ నాలుగుకు వేశాడు. ఎనభై మంది ఆడవాళ్ళం నిలబడి తిట్టుకున్నాం. నా బల్ల ఎదురుగానే గోడ గడియారం."

"కూత మీట ఎవరి దగ్గర ఉంటుంది తాతా?"

"నా దగ్గరేనమ్మా."

"నీ పదిహేడేళ్ళ కాపలాలో అది ఎన్నిసార్లు ఆలస్యమైంది?"

ముసలాయన టోపీని అటూ ఇటూ తిప్పాడు.

"నిన్ను తప్పు పట్టడానికి కాదు. నాలుగు నిమిషాలు గేటు దగ్గర లేవు. ఎక్కడున్నావు?"

"కడుపులో నొప్పి..."

"వెనక గేటు తాళంచెవి ఎప్పుడూ గూటిలో ఉండేదని మా వదిన చెప్పింది. ఇప్పుడు నీ మొలతాడుకు ఉంది. కడుపునొప్పికి తాళంచెవి కట్టుకుంటారా ఎవరైనా?"

ఇన్‌స్పెక్టరు అడ్డుపడ్డాడు. "సాక్షిని బెదిరిస్తున్నారు మీరు."

"నిజమే, పొరపాటు. బెదిరించడం మీ శాఖ కదా."

ముసలాయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. "వెనక గేటు తీశానమ్మా. కారు వచ్చింది. నాలుగుకు రెండు నిమిషాలుంది. అరగంటకు తిరిగి పోయింది. ఎవరి కారని మాత్రం అడగవద్దు. నాకు చూపు ఆనదు."

"చూపు ఆనని కాపలాదారును పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నాయనకు కనపడకూడనివి ఉంటాయి కదమ్మా" అన్నాడు మెల్లగా.

ఇన్‌స్పెక్టరు పెన్ను ఆగింది. అప్పటిదాకా ఆయన కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. ఆ తరవాత ఊపలేదు. ఎందుకంటే సబ్బులాయన తన చేత్తో రాసిచ్చిన వాంగ్మూలం ఆ ఫైల్లోనే ఉంది: ఆ రోజు తాను ఫ్యాక్టరీలో అడుగే పెట్టలేదని, మధ్యాహ్నమంతా ఇంట్లో పడుకున్నానని.

పన్నెండింటికి ఇన్‌స్పెక్టరు కొత్త అచ్చులో చెయ్యి పెట్టాడు. గుర్తే మిగల్లేదు. రెండింటికి పెడితే మణికట్టు దాకా దిగిపోయింది. లాగితే పచక్‌మని వచ్చింది, ఖాకీ చొక్కా చెయ్యంతా తెలుపు. ముద్ర మెల్లగా పూడుకుపోయింది. పాకింగు ఆడవాళ్ళు తలుపు దగ్గర నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"నవ్వండి, నవ్వండి. ఇంట్లో మా ఆవిడ కూడా ఇలాగే నవ్వుతుంది" అన్నాడు ఆయన చెయ్యి కడుక్కుంటూ. మొదటిసారి ఆ మనిషి నాకు మనిషిలా కనపడ్డాడు.

మూడింటికి వేళ్ళు నిలిచాయి, గీతలు నిలవలేదు. మేస్త్రీ భార్య బల్ల వదిలి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఎవరూ ఆమెను వెనక్కి పొమ్మనలేదు.

నాలుగు దాటి అయిదు నిమిషాలకు ఇన్‌స్పెక్టరు అరచెయ్యి ఆనించి బరువు వేసి తీశాడు. వంగి చూశాడు. మూడో అచ్చు దగ్గరికి వెళ్ళి చూశాడు. మళ్ళీ వచ్చి చూశాడు. ఆయుష్షు రేఖ దగ్గర్నుంచీ అంతా ఉంది.

"నాలుగుకు అటూ ఇటూ" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. "అప్పుడు మేస్త్రీ కంటాస్పత్రిలో ఉన్నాడు."

మేస్త్రీ భార్య గోడకు జారబడి కూర్చుంది. నేను వెళ్ళి భుజం పట్టుకున్నాను.

అప్పుడే బయట కార్లు ఆగిన చప్పుడు. సబ్బులాయన వచ్చాడు. వెనక ఇద్దరు అనుచరులు, ముందు ముగ్గురు ఫొటోలవాళ్ళు. తెల్ల బట్టలు, చేతులు జోడించి, మొహం నిండా నవ్వు.

"అమ్మలారా, నా మేస్త్రీ అమాయకుడని తేలిందట. నాకంటే సంతోషించే మనిషి ఎవరున్నారు? ఆ రచయిత పాపం కాలు జారి పడి ఉంటాడు. మేస్త్రీ తండ్రి నాకు అన్నలాంటివాడు." మేస్త్రీ భార్య దగ్గరికి వచ్చి తల మీద చెయ్యి పెట్టబోయాడు. ఆమె తల పక్కకు తీసుకుంది.

మా ఆడపడుచు మర్యాదగా పక్కకు జరిగింది. కొత్త అచ్చు ఆయనకు ఎదురుగా వచ్చింది.

"సార్, ఎప్పటిలాగా ఒకటి" అన్నాడు ఫొటో అబ్బాయి ఒకడు.

ఆమె చెప్పించిందని ఇప్పటికీ అంటారు జనం. కాదు. నేను పక్కనే ఉన్నాను. ఎవరూ చెప్పించలేదు. ఏళ్ళ తరబడి ఏ పత్రికవాడు వచ్చినా ఆయన చేసేది అదే. చొక్కా చెయ్యి పైకి లాగి, కాస్త వంగి, కెమెరా వైపు చూస్తూ, బొటనవేలు సబ్బు నడిమధ్యన నొక్కాడు. "ఇంకో గంటలో కోతకు వస్తుంది" అన్నాడు, అన్నీ తెలిసిన పెద్ద వంటవాడిలా.

మా ఆడపడుచు మూడో అచ్చు మీద తడిగుడ్డ తీసింది.

"ఇన్‌స్పెక్టరు గారూ, రెండూ చూడండి. తొందరేం లేదు."

ఆయన భూతద్దం తీశాడు. నాకు భూతద్దం అక్కరలేకపోయింది. కొత్త గుంటలో అడ్డంగా ఒక ఏటవాలు గీత, పాత గాయం మచ్చ. పాత గుంటలోనూ అదే గీత, అదే వాలు.

"ఇందులో ఏముంది?" అన్నాడు సబ్బులాయన, నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "నా ఫ్యాక్టరీ. నా సబ్బు. ఎప్పుడో నొక్కి ఉంటాను."

"ఎప్పుడో కుదరదండీ" అంది మా ఆడపడుచు. "ఈ సబ్బు మొన్న తొమ్మిదింటికి పుట్టింది. ఐదున్నరకు ఇన్‌స్పెక్టరు గారు గదికి సీలు వేశారు. మధ్యలో, ఇరవై నిమిషాల తేడా తీసేసినా, రెండున్నర దాటేదాకా వేలి గీత నిలవదని పొద్దుట్నుంచీ ఆయన చెయ్యే చెప్పింది. ఆ మూడు గంటల్లో మీరు ఇంట్లో పడుకుని ఉన్నారని రాసిచ్చారు. నిద్రలో నడుస్తారా మీరు?"

ఒక కెమెరా టక్కుమంది.

"ఆపండి" అన్నాడాయన. మెల్లగానే అన్నాడు. నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "మూడు రోజుల్లో నేను ఏమవుతానో నీకు తెలుసు కదా?"

"తెలుసండీ. ఈ రోజు మీరు సాక్షి. అంతవరకే నాకు తెలుసు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "రేపు పదింటికి స్టేషనుకు రండి. మీ పాత వాంగ్మూలం మార్చుకోవాలేమో ఆలోచించుకోండి."

సబ్బులాయన వెళ్ళిపోయాడు. ఇన్‌స్పెక్టరు రెండు అచ్చుల చుట్టూ తన చేత్తోనే తాడు కట్టి సీలు వేశాడు. ఒక కానిస్టేబులును కాపలా పెట్టాడు. అప్పుడు మా ఆడపడుచుతో, మొహం చూడకుండా, అన్నాడు: "ఆయన్ని ఇప్పుడు పట్టుకోవడానికి నాకు పైనుంచి కాగితం కావాలి. మేస్త్రీని వదలడానికి మాత్రం నా సంతకం చాలు. ఫోను ఎక్కడుంది?"

సూపర్‌వైజరు గదిలో ఫోను. మేమంతా గుమ్మంలో మూగాం. మేస్త్రీ భార్య అందరికంటే ముందుంది. టైము నాలుగూ ముప్పై ఎనిమిది.

"నేనే. మేస్త్రీని బయటికి తీసుకురా, కాగితం నేను వచ్చి... ఏమిటి? ఎప్పుడు?" ఆయన చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. "ఎవరి సంతకం? నాదా?"

ఫోను పెట్టేశాడు. మా వైపు తిరిగాడు.

"నాలుగింటికి ఒక జీపు వచ్చిందట. మేస్త్రీని పెద్ద జైలుకు తరలించమని కాగితం తెచ్చారట. కింద నా సంతకం ఉందట. నేను పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నాను. ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు."

"జైలుకు చేరాడా?" అంది మా ఆడపడుచు.

"అక్కడ జీపే రాలేదట."

చేతి ముద్ర సంగతి మధ్యాహ్నమే సబ్బులాయన చెవిన పడి ఉంటుంది. మేస్త్రీ విడుదలైతే ఆ రోజు రచయితతో ఏం చెప్పాడో లోకానికి చెబుతాడు. పారిపోయాడనిపిస్తే తప్పు ఒప్పుకున్నట్టే, ఆ తరవాత నోరు లేకపోయినా అడిగేవాడు ఉండడు. ఇక్కడ నవ్వుతూ వేలు నొక్కుతున్నప్పటికే అక్కడ జీపు బయలుదేరింది.

మేస్త్రీ భార్య ఏడుస్తుందని అందరం అనుకున్నాం. ఆమె ఏడవలేదు. "జీపు ఎటు పోయిందట?" అని అడిగింది. ఇన్‌స్పెక్టరు ఫోనులో విన్నది చెప్పాడు: స్టేషను ముందు సోడా అమ్మే మనిషి చూశాడట, మూసేసిన పాత ఫ్యాక్టరీ దారి పట్టిందని. సబ్బులాయన కొని తాళం వేసిన ఫ్యాక్టరీ అది. మా గేటు నుంచి మూడు మైళ్ళు. ఇన్‌స్పెక్టరు జీపులో ఆరుగురికి చోటుంది. ఆయనా, మా ఆడపడుచూ, ఆయన వెంట వచ్చిన మిగతా నలుగురు కానిస్టేబుళ్ళూ ఎక్కారు. మేస్త్రీ భార్య పాకింగు గౌను విప్పి కుర్చీ మీద పెట్టింది, చెప్పులు బిగించింది, గేటు వైపు నడిచింది. కూత వేయలేదు. పని గంటలు ఇంకా ముగియలేదు. నేను ఆమె వెనక నడిచాను. నా వెనక ఇంకొకరు, ఆమె వెనక ఇంకొకరు. ముసలి కాపలాదారు రెండు గేట్లూ బార్లా తీసి నిలబడ్డాడు.

ఆ రాత్రి మేస్త్రీని ప్రాణాలతోనే వెనక్కి తెచ్చుకున్నాం. పుస్తకాల్లో మా ఈ నడక సంగతి ఉండదు. ఆరా అమ్మాయి తెలివి ఉంటుంది, ఇన్‌స్పెక్టరు పేరు ఉంటుంది. మీరు గుర్తుపెట్టుకోండి. రేపు మీ పిల్లలకు చెప్పేటప్పుడు ముందు నడిచింది మేస్త్రీ భార్య అని చెప్పండి. వెనక ఎనభై ముగ్గురం ఉన్నాం. ఎక్కువ చెప్పి మమ్మల్ని పెద్ద చేయవద్దు. ఒక్కరిని తగ్గించినా మాత్రం నేను ఊరుకోను.